వెనకనుంచి తీసిన ఫోటోలు

మా నాన్నకి ఒక్కతే చెల్లెలు. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. ఒకసారి సంబంధం దాదాపు కుదిరి తప్పిపోయింది. ఎందుకు తప్పిందని ఎవరడిగినా, "వాళ్ళకి నేను నచ్చలేదు, నాకు వాళ్ళ సోఫా నచ్చలేదు. చెల్లుకి చెల్లు" అనేసి నవ్వేది అత్త. అసలు సంగతేమిటో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

ఆవిడ ఒక ఫోటో స్టూడియోలో పనిచేసేది. మొదట్లో చీకటి గదిలో ప్రింట్లు కడిగేది. తర్వాత ముందు గదిలో కుర్చీ ఎత్తు సరిచేసి, "భుజాలు వదిలెయ్యండి, ఊపిరి బిగబట్టకండి" అంటూ పాస్‌పోర్టు ఫోటోలు తీసేది. అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాక స్టూడియో మూతపడింది. ఓనరు ఆఖరి రోజున ఒక కెమెరా, రెండు లెన్సులు అత్త చేతిలో పెట్టి, "వీటిని విసుక్కోకుండా వాడేది నువ్వొక్కదానివే" అని వెళ్ళిపోయాడట.

అప్పటికి ఆవిడ మా ఇంట్లోనే ఉండేది. మా అమ్మకీ ఆవిడకీ ఏనాడూ గొడవ జరగలేదు. జరిగి ఉంటే ఇద్దరూ నాలుగు మాటలనుకుని తేలికపడేవారేమో. దాని బదులు వంటింట్లో గిన్నెలు కాస్త గట్టిగా చప్పుడు చేసేవి. పక్క గదిలో అత్త కాస్త మెల్లగా నడిచేది. ఒక రోజు రెండు సంచులు సర్దుకుని, "గది చూసుకున్నాను అన్నయ్యా" అంది.

ఆ గది ఎక్కడని అడిగాడు నాన్న. పాటలూ ఆటలూ ఉండే బార్లన్నీ వరసగా ఉన్న సందు అది. మా ఇంట్లో దాన్ని "ఆ సందు" అనేవాళ్ళు, అది కూడా గొంతు తగ్గించి.

"ఇంత ఊళ్ళో నీకింకెక్కడా గది దొరకలేదా?" అన్నాడు నాన్న.

"దొరికాయి. వెళ్ళిన ప్రతిచోటా, ఒక్కదానివే ఉంటావా, నీ వెనక ఎవరున్నారు అని అడిగారు. ఇక్కడ అడగలేదు."

నాన్న సంచులు తనే మోసుకెళ్ళి సందు మొదట్లో దింపి వచ్చేశాడు. లోపలికి అడుగుపెట్టలేదు.

పగటిపూట ఆ సందు చూస్తే ఎవరూ దానికి అంత భయపడరు. షట్టర్లన్నీ దించి ఉంటాయి. వెలగని రంగుల దీపాలు గోడల మీద బూడిదరంగు గొట్టాల్లా కనిపిస్తాయి, వాటి వెనక చిక్కుపడిన వైర్లు. ఖాళీ సీసాల పెట్టెలు, కడిగిన నేలల మీద తడి, పులిసిన వాసన. అత్త గది మూడో అంతస్తులో. ఆ బిల్డింగులో మిగతా గదులన్నిటిలో బార్లలో పాడేవాళ్ళు, ఆడేవాళ్ళు, గ్లాసులందించేవాళ్ళు ఉండేవారు. ఒక్కో గదిలో నలుగురైదుగురు. మధ్యాహ్నానికి లేచేవారు. మేడ మీద తీగల నిండా వాళ్ళ మెరుపుల గౌన్లు, లోపలి పక్క బయటికి తిప్పి, నీడపట్టున ఆరేసి ఉండేవి. ఎండ తగిలితే మెరుపులు నల్లబడతాయట.

వాళ్ళలో ఒక పాటగత్తెని అందరూ సైరన్ అని పిలిచేవారు. మైకు పాడైన రోజు కూడా ఆవిడ గొంతు వీధి చివరిదాకా వినబడేదని ఆ పేరు. అత్త మేడ మీద నీళ్ళ ట్యాంకు మీద వాలిన పావురాలని ఫోటో తీస్తుంటే మొదట పలకరించింది ఆవిడే. పలకరించిందనడం మర్యాదకి.

"ఏయ్! మమ్మల్ని గానీ తీశావా, కెమెరా కిందికి విసిరేస్తా."

"పావురాల్ని తీస్తున్నానమ్మా. కావాలంటే చూసుకో."

సైరన్ వచ్చి నిజంగానే చూసింది. ఒక్కొక్కటే. చివరికి, "ఈ పావురానికి నాకన్నా మంచి ఫోటో ఉంది" అంది. కోపం సగం దిగింది. మిగతా సగం ఎందుకుందో తర్వాత చెప్పింది. కొన్నేళ్ళ కిందట ఒక పేపరతను వచ్చి, మీ కష్టాలు రాస్తానని ఫోటోలు తీసుకున్నాడట. ఎవరూ గుర్తుపట్టకుండా చూస్తానని మాటిచ్చాడట.

"కళ్ళకి అడ్డంగా నల్లపట్టీ వేశాడక్కా. మా అమ్మ నా ముక్కు చూసి గుర్తుపట్టింది."

చెప్పి పకపకా నవ్వింది. అత్త కూడా నవ్వబోయి, సైరన్ కళ్ళు చూసి ఆగిపోయింది.

"ఆ తర్వాత?"

"తర్వాతేముంది? ఇంటికి రావద్దంది. వెళ్ళలేదు." తీగ మీది గౌను తడిమి చూసి, ఇంకా తడిగానే ఉందని వదిలేసింది. "నీకంత సరదాగా ఉంటే వెనకనుంచి తీసుకో. వీపుకి పేరుండదు."

అలా మొదలైంది. అత్త ఏ సంఘానికో, పత్రికకో తియ్యలేదు. చేతిలో కెమెరా ఉంది, ఎదురుగా మనుషులున్నారు, మధ్యాహ్నం అంతా ఖాళీ. పొద్దున్న ఒక ప్రింటింగ్ ప్రెస్సులో పని చేసుకుని వచ్చి, తలుపు తీసి ఉన్న గదిలోకి వెళ్ళి ఒక మూల కూర్చునేది. కింది బార్లలోకి ఎప్పుడూ వెళ్ళలేదు. దీపాల కింద వాళ్ళు ఎలా ఉంటారో ఆవిడ చూడలేదు. చూడాలని కూడా అనుకోలేదు. డబ్బిచ్చి చూసేవాళ్ళు చాలామందే ఉన్నారు కదా, నేనెందుకు అనేది.

ఆవిడ తీసినవి వేరే. వేళ్ళ మధ్య పిన్నులు పట్టుకుని ఒకరి జడ ఒకరు అల్లుతున్న చేతులు. వేడినీళ్ళ తొట్టిలో పెట్టిన రెండు పాదాలు, వేళ్ళ సందుల్లో అంటించిన మందు పట్టీలు. మడమ ఊడిన చెప్పుకి సైకిల్ ట్యూబు ముక్క అంటిస్తున్న బొటనవేలు. ఒకే మంచం మీద ముగ్గురు ముడుచుకుని నిద్రపోతున్న వీపులు. గోడవైపు తిరిగి ఫోనులో మాట్లాడుతున్న మనిషి. ఆ ఫోన్లన్నీ స్కూళ్ళు వదిలే వేళకి వచ్చేవి. ఒకరు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ అని, ఒకరు బట్టల ఫ్యాక్టరీలో పని అని పిల్లలకి చెప్పేవారు. ఒకావిడ మాత్రం ప్రతిరోజూ, "హోంవర్కు చేశావా? చదివి వినిపించు" అని ఫోను చెవికి ఆనించుకుని చాలాసేపు కళ్ళు మూసుకుని కూర్చునేది. ఆవిడకి చదువు రాదు.

ప్రింట్లు వేయించి తెచ్చిన రోజు గదిలో పండగలా ఉండేదట. మంచం మీద పరిచి, ఏది ఎవరిదో చెప్పుకునేవారు.

"ఇది నాది కాదు. నేనింత వంకరగా కూర్చుంటానా?"

"నువ్వే! ఎడమ భుజం కిందికి వేలాడేసేది ఈ బిల్డింగులో నువ్వు కాక ఇంకెవరు?"

వీపుకి పేరుండదన్న సైరన్ కూడా అందరి వీపులూ ఠక్కున చెప్పేసేది. చూసి నవ్వుకుని, ప్రింట్లన్నీ మళ్ళీ అత్తకే ఇచ్చేసేవారు. ఒక్కరూ దగ్గర ఉంచుకునేవారు కాదు.

వాళ్ళందరిలోకీ పెద్దావిడని పిన్ని అని పిలిచేవారు. ఆవిడ ఒకప్పుడు ఆడేది. వయసు మళ్ళాక అందరి గౌన్లకీ ఇస్త్రీ చేస్తూ, ఊడిన మెరుపులు కుట్టిపెడుతూ అక్కడే ఉండిపోయింది. కెమెరా చూస్తే లేచి వెళ్ళిపోయేది. ఎన్నేళ్ళు గడిచినా అంతే. ఒకనాడు మిగతావాళ్ళంతా మేడ మీద ఉన్నప్పుడు అత్త గది తలుపు తట్టింది.

"అమ్మాయ్, ఒక ఫోటో తియ్యాలి. నా వీపుది."

"వీపుదే ఎందుకు పిన్నీ?"

"నా మొహం అద్దంలో చూసుకున్నాను. వీపు ఎప్పుడూ చూడలేదు. ఆడినన్నాళ్ళూ జనం వైపు వీపు పెట్టి మొదలుపెట్టేదాన్ని. ఊళ్ళోవాళ్ళందరూ చూశారు, నేనొక్కదాన్నే చూళ్ళేదు."

కిటికీ దగ్గర స్టూలు వేసి కూర్చోబెట్టింది అత్త. పిన్ని జాకెట్టు కొంచెం కిందికి జార్చి, మెడ వంచింది. ఒంటి మీద చెయ్యి పడుతుందేమోనన్నట్టు ఒక్క క్షణం బిగుసుకుపోయి, పడదని తెలిసి వదులైంది. ఆ వదులైనప్పటి ఫోటో తీసింది అత్త. ప్రింటు తెచ్చి ఇచ్చాక పిన్ని దాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూసింది.

"ఇదేనా? ఇంత చిన్నదా?" అంది. కాసేపాగి, "పాపం" అంది, ఎవరినో వేరే మనిషిని గురించి అన్నట్టు.

అత్తకి అక్కడ స్నేహితులు దొరికారని నేను చాలాకాలం అనుకున్నాను. ఒకసారి అడిగితే తల అడ్డంగా ఊపింది. ఒక మధ్యాహ్నం కెమెరా రిపేరుకిచ్చి, ఊరికే వాళ్ళ గదికి వెళ్ళిందట. లోపల ఏదో జోరుగా మాట్లాడుకుంటున్నవాళ్ళు ఆగిపోయారు. "కెమెరా ఏదక్కా?" అని అడిగారు. రిపేరుకిచ్చానంది. "అయ్యో" అన్నారు. కుర్చీ తుడిచి వేశారు, టీ పెట్టారు. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. టీ తాగేసి వచ్చేసింది. మా ఇంటికొచ్చినా అంతే. మా అమ్మ ఆవిడకి చుట్టాల కోసం దాచిన మంచి కప్పులో టీ ఇచ్చేది. సొంతమనిషికెవరూ మంచి కప్పులో ఇవ్వరు.

పొద్దుగూకే వేళకి మెట్ల మీద చెప్పుల చప్పుడు మొదలయ్యేది. ఒకరి తర్వాత ఒకరు దిగిపోయేవారు. సెంటు వాసన మాత్రం కాసేపు మెట్ల దగ్గర ఉండేది. ఇక ఆ బిల్డింగు మొత్తానికి అత్త ఒక్కతే. కింద వాయిద్యాలు మొదలయ్యాక గది నేల సన్నగా అదిరేది. కంచం ముందు పెట్టుకుని, అరికాళ్ళకి ఆ అదురు తగులుతుంటే అన్నం తినేదాన్నని చెప్పింది. తోడుగా ఉండేదట.

తర్వాత ఒక రోజు బార్లన్నీ మూసేశారు. సర్కారులో ఎవరో పెద్దలు నిర్ణయం తీసుకున్నారు. షట్టర్లకి కాగితాలంటించి తాళాల మీద లక్క ముద్రలు వేశారు. మొదట ఎవరూ నమ్మలేదు, ఇలా ఇంతకుముందు కూడా చేశారు, మళ్ళీ తెరుస్తారులే అనుకున్నారు. ఈసారి తెరవలేదు. మేడ మీది తీగలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. చక్రాల పెట్టెలు మెట్ల మీద టకటకా కొట్టుకుంటూ దిగిపోయాయి.

అత్త అందరి ప్రింట్లూ విడదీసి కవర్లలో పెట్టి గదిగదికీ తిరిగింది.

"ఎక్కడ దాచుకోనక్కా?" అన్నారు అందరూ, ఒకే మాట నేర్చుకున్నట్టు. హోంవర్కు వినే ఆవిడ కవరు తీసుకుంది, ఒళ్ళో పెట్టుకుని నిమిరింది, మళ్ళీ ఇచ్చేసింది. "నా కొడుకు ఇప్పుడు అన్నీ వెతుకుతాడు" అంది.

అందరికన్నా చివర వెళ్ళింది సైరన్. పెట్టె మెట్ల దగ్గర పెట్టి అత్త దగ్గరికొచ్చింది. మొహం శుభ్రంగా కడుక్కుని ఉంది.

"నన్ను ఒక్కసారి ముందునుంచి తియ్యి."

అత్త ఆవిడని మెట్ల మలుపులో కిటికీ పక్కన నిలబెట్టింది. కెమెరా ఎత్తగానే సైరన్ నవ్వింది.

"ఆ నవ్వు వద్దు."

"నా దగ్గర ఇంకోటి లేదక్కా."

"అయితే నవ్వకు."

నవ్వకుండా నిలబడటం ఆవిడకి చేతకాలేదు. పెదాలు బిగించింది, కనుబొమలెత్తింది, ఏడుపు మొహం పెట్టి చూసింది. ఏదీ కుదరలేదు. అత్త తొందరపెట్టలేదు. స్టూడియోలో నేర్చుకున్నదల్లా అదే, ఎదురుచూడటం. అలా చూస్తూ చూస్తూ సైరన్‌కి విసుగొచ్చింది. కిటికీలోంచి ఎదుటి గోడ కేసి చూస్తూ కెమెరా సంగతి మరిచిపోయింది. ఎవరినీ మెప్పించక్కర్లేని మనిషి మొహం. అప్పుడు నొక్కింది అత్త.

తెర మీద చూపిస్తే సైరన్ చాలాసేపు చూసింది. ముక్కు మీద వేలుపెట్టి, "మా అమ్మలా ఉన్నానే" అంది. ఇంకా కాసేపు చూసి, కెమెరా తిరిగిచ్చింది.

"ఇంక చెరిపెయ్యి."

తన జీవితంలో అంత మంచి ఫోటో తియ్యలేదని అత్తకి తెలుస్తూనే ఉంది. "నేనెవరికీ చూపించను. నా మీద నమ్మకం లేదా?" అంది.

"ఉంది. నువ్వు చూపించవు. కానీ నువ్వెల్లకాలం ఉండవు కదక్కా. నీ తర్వాత ఈ కెమెరా ఎవరి చేతికెళ్తుందో."

అత్త ఇక వాదించలేదు. ఏ మీట నొక్కాలో చూపించి, "నువ్వే నొక్కు. నా చెయ్యి రాదు" అంది. సైరన్ నొక్కింది. ఇద్దరూ కాసేపు ఆ నల్లని తెర చూస్తూ నిలబడ్డారు. తర్వాత పెట్టె దిగే చప్పుడు.

పిన్ని మాత్రం వెళ్ళడానికి చోటు లేక కొన్ని నెలలు ఉండిపోయింది. ఇస్త్రీ చెయ్యడానికి బట్టల్లేవు. అత్తవే రెండు జతలు మళ్ళీ మళ్ళీ ఇస్త్రీ చేసేది. అత్త వద్దనేది కాదు, కావాలని నలిపి ఇచ్చేది. వాళ్ళిద్దరూ కలిసి తిన్నది ఆ కొన్ని నెలలే. తర్వాత పిన్ని అక్క కొడుకెవరో వచ్చి, పిల్లల్ని చూసుకోవడానికి మనిషి కావాలని తీసుకెళ్ళాడు. వీపు ఫోటో తీసుకెళ్తావా అని అడిగితే, "చూశానుగా, చాలు" అందట.

రెండేళ్ళ తర్వాత కళ్ళజోళ్ళ షాపులో అత్తకి సైరన్ కనిపించింది. పక్కన భర్త కాబోలు, అత్తగారు కాబోలు ఒక పెద్దావిడ. సైరన్ జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతోంది. గోడకున్న అద్దంలో ఇద్దరి చూపులూ కలిశాయి. అత్త వెంటనే చూపు తిప్పుకుని, తన చేతిలో ఉన్న జోడు తుడవడం మొదలుపెట్టింది. బయటికి వెళ్ళిపోదామనుకుంటుండగా వెనకనుంచి పిలుపు.

"ఏవండీ, ఏమీ అనుకోకండి. ఈ ఫ్రేము నాకు బాగుందంటారా?"

ఆ "అండీ" చెవిలో ఎక్కడో గుచ్చుకుందని అత్త అంది. సైరన్ తిన్నగా అత్త వైపు మొహం పెట్టి నిలబడి ఉంది. ముక్కూ మొహం తెలియనివాళ్ళని అభిప్రాయం అడిగితే ఎవరూ తప్పుపట్టరు కదా. అత్త ఆ మొహాన్ని కావలసినంతసేపు చూసింది.

"బాగుందండీ. మొహం చక్కగా కనబడుతోంది."

"మరీ ఎక్కువ కనబడట్లేదు కదా?"

"లేదండీ. సరిపోయింది."

సైరన్ తలూపింది. పెద్దావిడ, "ఇంక తెములు" అంది. ముగ్గురూ వెళ్ళిపోయారు. అత్త తన కళ్ళజోడు సంగతి మరిచిపోయి ఇంటికొచ్చేసి, మర్నాడు మళ్ళీ వెళ్ళింది.

ఆ ఫోటోల గురించి బయటికెలా తెలిసిందంటే, ప్రెస్సుకి వచ్చే ఒక కాలేజీ లెక్చరరు అత్త సొరుగులో చూశాడు. తమ కాలేజీ హాల్లో పెడదామని వెంటపడ్డాడు. మొహాలు లేనివీ, ఏ గుర్తూ తెలియనివీ ఏరి ఇచ్చింది అత్త. పిన్ని వీపు ఇవ్వలేదు. జనం బాగానే వచ్చారు. కొంతమంది నిరాశపడ్డారని నాకు తెలుస్తూనే ఉంది. రంగుల దీపాలు చూద్దామని వచ్చినవాళ్ళకి ఆరేసిన బట్టలూ, వేడినీళ్ళ తొట్టీ కనిపించాయి. ఒకాయన, "ఇవి ఎవరింట్లో తీసినవైనా కావచ్చు కదా" అన్నాడు. అత్త, "కావచ్చండీ" అంది.

నాన్న వచ్చాడు. ఒక చివరనుంచి ఇంకో చివరికి చేతులు వెనక కట్టుకుని నడిచాడు. "ఇన్నేళ్ళ ఫోటోల్లో నువ్వెక్కడా లేవేంటి?" అన్నాడు.

"తీసేదాన్ని నేను కదా అన్నయ్యా."

"ఒక్కటైనా ఎవరూ తియ్యలేదా?"

"నేనడగలేదు. వాళ్ళకి తట్టలేదు."

మా అమ్మ తొట్టిలో పాదాల ఫోటో ముందు చాలాసేపు నిలబడింది. కదిలి వచ్చి అత్త చెయ్యి పట్టుకుంది. "ఇంటికొచ్చెయ్యకూడదా, వదినా?" అంది. మా అమ్మ గొంతులో అంత మెత్తదనం నేను తక్కువసార్లు విన్నాను.

"వస్తాలే వదినా," అంది అత్త.

ఒక ఆదివారం వచ్చింది. భోంచేసి, నాన్నతో కాసేపు పేపరు చూసి, పొద్దుగూకకముందే వెళ్ళిపోయింది. ఎవరూ ఉండమని రెండోసారి అడగలేదు. ఆవిడ కూడా వాళ్ళు అడుగుతారని ఆగలేదు.

ఇప్పుడు ఆ సందులో కింద అంతా ఫోను సామాన్ల గోడౌన్లు. పగలు ట్రాలీలతో, కేకలతో కిటకిటలాడుతుంది. సాయంత్రానికి తాళాలు పడతాయి. పై గదుల్లో అట్టపెట్టెలు నింపారు. మనుషులుండే గది అత్తదొక్కటే. స్కూళ్ళకి వెళ్ళి పిల్లలకి గుర్తింపు కార్డు ఫోటోలు తీస్తోంది. చేతినిండా పనే.

మొన్న ఫోన్ చేసి, భయం వెయ్యట్లేదా అత్తా అని అడిగాను.

"భయమెందుకే? పెట్టెలు కరుస్తాయా?" అంది. మళ్ళీ తనే, "మొదట్లో మెట్లెక్కుతుంటే నా అడుగుల చప్పుడే మారుమోగి పైనుంచి వినిపించేది. ఎవరో దిగుతున్నారనుకుని గోడవారగా ఒదిగి దారిచ్చేదాన్ని. ఇప్పుడు అలవాటైపోయిందిలే" అంది.